ఎస్‌ఎంపీఎస్ పేలింది, మదర్‌బోర్డూ పోయింది: ఎవరిని అడగాలి?

ప్రశ్న: మాది ముదినేపల్లి. పెళ్లి ఫొటోలు, వీడియోలు ఎడిట్ చేసి బతుకుతున్నాను. విడిభాగాలు కొనుక్కుని నేనే డెస్క్‌టాప్ బిగించుకున్నాను. కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ మాత్రం క్యాబినెట్‌తో కలిపి ఇచ్చిన 500 వాట్లదే వాడాను. ఒక రాత్రి అది టప్‌మని పేలింది. మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు కూడా పోయాయి. షాపాయన ఎస్‌ఎంపీఎస్ వరకు మార్చి ఇస్తానంటున్నారు. మిగతావాటి సంగతి అడిగితే ‘అది మీ ఊరి కరెంటు తప్పు’ అంటున్నారు. నాకు దారేమిటి?

జవాబు: వారంటీ కార్డు ఎస్‌ఎంపీఎస్‌కే పరిమితమన్న మాట నిజమే. కానీ మీ హక్కులు ఆ కార్డు దగ్గరే ఆగిపోవు. 2020 జులై 20 నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం-2019లో ‘ఉత్పత్తి బాధ్యత’ అనే అధ్యాయం ఉంది. 82 నుంచి 87 వరకు సెక్షన్లు దానివే. లోపమున్న వస్తువు మీ ఇంకో ఆస్తిని పాడుచేస్తే ఆ నష్టానికి పరిహారం అడగవచ్చన్నది దాని సారం. మీ మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు ఆ ‘ఇంకో ఆస్తి’ కిందికి వస్తాయి. ఎస్‌ఎంపీఎస్ ధర వేరే లెక్క. అది వారంటీ కింద రావలసిందే.

‘దీంతో సంపాదిస్తున్నావు కాబట్టి నువ్వు వినియోగదారుడివి కాదు’ అని అవతలి పక్షం అనవచ్చు. స్వయం ఉపాధితో బతకడానికి కొని, స్వయంగా వాడుకునే వ్యక్తి వినియోగదారుడేనని సెక్షన్ 2(7) వివరణే చెబుతోంది. ఇదే మాటను సుప్రీంకోర్టు 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో విపులంగా చర్చించింది.

ఇక ఎవరిని అడగాలి? ఎస్‌ఎంపీఎస్ మీద స్టిక్కరు చూడండి. తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా ఉంటే షాపుతో పాటు వారినీ చేర్చండి. క్యాబినెట్‌తో వచ్చే చవక సరుకు మీద చాలాసార్లు ఆ పేరే ఉండదు. అప్పుడు సెక్షన్ 86 మీకు పనికొస్తుంది. తయారీదారు ఎవరో తెలియకపోయినా, అతనికి నోటీసు అందే వీలు లేకపోయినా అమ్మినవాడే బాధ్యుడవుతాడు. అసలు ప్యాకెట్ మీద దిగుమతిదారు వివరాలు, ఎంఆర్‌పీ, ఏ దేశంలో తయారైందీ లేకుండా అమ్మడం తూనికలు కొలతల శాఖ నిబంధనలకే విరుద్ధం.

స్టిక్కరు మీద ఇంకో పంక్తి ఉంటుంది, కేసుకు అదే కీలకం కావచ్చు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు దాదాపు పూర్తిగా 12 వోల్టుల లైను మీదే నడుస్తాయి. ఆ లైనుకు ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి 12తో హెచ్చించండి. 16 ఆంపియర్లే ఉంటే వచ్చేది 192 వాట్లు. పైన కొట్టొచ్చినట్టు ‘500’ అని వేసి లోపల 192 ఇవ్వడం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి అని వాదించడానికి గట్టి ఆధారం. పెట్టె మీద ‘80 ప్లస్’ ముద్ర ఉంటే ఆ ధ్రువీకరణ జాబితా ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉంది, మోడల్ పేరుతో వెతకండి. అయితే అది కరెంటు వృథా ఎంత తక్కువో చెప్పే ముద్ర, భద్రతకు హామీ కాదు. భద్రతకు చూడవలసింది భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు. 48 వోల్టులు దాటని విడి ఎస్‌ఎంపీఎస్‌లు తప్పనిసరి రిజిస్ట్రేషన్ జాబితాలో ఉన్నాయి. ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నంబరును ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే అది ఎవరి పేరున ఉందో తేలుతుంది.

మీ వైపు బలహీనత కూడా చెప్పాలి. వస్తువును దుర్వినియోగం చేసినా, మార్పులు చేసినా విక్రేత బాధ్యత ఉండదని సెక్షన్ 87 అంటోంది. మీ గ్రాఫిక్స్ కార్డు కంపెనీ 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ పెట్టమని సూచించి ఉంటే, మీరు 500తో సరిపెట్టారన్న వాదన తప్పకుండా వస్తుంది. కార్డుకు ఎంత కావాలో మాన్యువల్లో చూసుకుని ఆ పేజీ దాచండి. పేలిన డబ్బాను మాత్రం విప్పకండి. కేసు చెడుతుంది, పైగా లోపలి కెపాసిటర్లలో ప్లగ్ తీశాక కూడా షాక్ కొట్టేంత కరెంటు నిలవ ఉంటుంది.

‘మీ ఊరి కరెంటు’ అన్న మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. 2022 ఏప్రిల్ 4న కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చిన మీ మండలం నిండా చేపల, రొయ్యల చెరువులే. నీటిలో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది కాబట్టి రాత్రంతా ఏరేటర్లు తిరుగుతూనే ఉంటాయి. లోడు ఒక్కసారిగా పెరిగితే ఇళ్లలో వోల్టేజీ కుంగుతుంది. దానికి తోడు కొల్లేటి గాలిలో తేమ. అది చవక సరుకుకే ప్రమాదం అనుకోకండి. 2020లో కార్సెయిర్ అనే పెద్ద కంపెనీయే తన ఎస్‌ఎఫ్ శ్రేణిలో కొన్ని లాట్లను వెనక్కి తీసుకుంది. అధిక వేడి, తేమ కలిసినప్పుడు అవి చెడిపోవచ్చని తేలడమే కారణం.

కానీ షాపాయన వాదనకు జవాబు కూడా ఆ స్టిక్కరు మీదే ఉండవచ్చు. ఇన్‌పుట్ దగ్గర ‘100-240 వోల్టులు’ అని ఉంటే, వోల్టేజీ 170కి పడిపోయిందని నెపం చెప్పడం కుదరదు. అంతవరకూ తట్టుకుంటుందని మాటిచ్చింది తయారీదారే. ‘200-240’ అనే ఉంటే మీ కేసు కాస్త పలచబడుతుంది. అందుకే ఏరేటర్ల ఊళ్లలో కొత్తది కొనేవారు 100-240ది కొనాలన్నది నా సలహా. యంత్రానికి మంచిది, రేపు కేసుకూ మంచిది. ఇంట్లో ఎర్తింగ్ సరిగా ఉందని ఎలక్ట్రీషియన్ చేత రాయించి పెట్టుకోండి.

వోల్టేజీ తప్పే నిజమని తేలితే విద్యుత్ పంపిణీ సంస్థను (డిస్కం) అడగవచ్చు. రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి 2004లో తెచ్చిన 7వ రెగ్యులేషన్ ఇళ్లకిచ్చే సరఫరాలో హెచ్చుతగ్గులు 6 శాతం దాటకూడదంటోంది. అంటే 230కి అటూ ఇటూగా 216 నుంచి 244 వోల్టులు. కుంగినప్పుడల్లా 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి. ఆ నంబర్లు లేకుండా తర్వాత ఎంత వాదించినా చేతిలో ఆధారం ఉండదు. డిస్కం స్పందించకపోతే విద్యుత్ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు.

ఇప్పుడు చేయవలసింది చూద్దాం. పాడైన మూడు భాగాలనూ, సీరియల్ నంబర్లు కనిపించేలా ఫొటోలు తీసి, దగ్గరే ఉంచండి. కేసు వేస్తే జిల్లా వినియోగదారుల కమిషన్ వాటిని లేబొరేటరీకి పంపి పరీక్ష చేయించగలదు. ఎస్‌ఎంపీఎస్‌ను షాపుకిస్తే రసీదు లేకుండా ఇవ్వకండి. మార్చి ఇచ్చేటప్పుడు ‘అంతా సెటిల్ అయింది’ అని సంతకం అడిగితే, ‘ఎస్‌ఎంపీఎస్ వరకే’ అని పక్కన రాయండి. మీ దగ్గరున్నది కచ్చా బిల్లయితే కంగారు వద్దు. యూపీఐ చెల్లింపు, వాట్సాప్ సంభాషణ కూడా సాక్ష్యాలే. బిల్లు ఇవ్వకపోవడం సైతం అనుచిత వ్యాపార పద్ధతే.

మొదట షాపుకు, కంపెనీకి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. పక్షం రోజులు చూడండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే చాలా కంపెనీలు అక్కడే దిగివస్తాయి, ఊళ్లో చిన్న షాపు మీద దాని పట్టు తక్కువ. లొంగకపోతే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయండి. కొన్న సొమ్ము 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. వస్తువు ఢిల్లీ నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించినా మీరు నివసించే చోటే కేసు వేయవచ్చు. ‘ఈ-జాగృతి’ పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. జిల్లాల విభజన జరిగింది కాబట్టి ఏలూరు కమిషన్ రిజిస్ట్రీలో పరిధి సంగతి ముందే అడిగి కదలండి. గడువు రెండేళ్లు.

కోరికలు రాసేటప్పుడు బోర్డు ధర, కార్డు ధర, మానసిక వేదనకు పరిహారం, ఖర్చులు విడివిడిగా రాయండి. చేజారిన పెళ్లి ఆర్డర్ల డబ్బును ఉత్పత్తి బాధ్యత కింద కలపకండి. వ్యాపార నష్టాన్ని ఆ నిర్వచనం నుంచి చట్టం మినహాయించింది.