బొలెరో పికప్‌లో రూ.8,100కే సబ్ ఊఫర్, యాంప్లిఫయర్: వైరింగ్ నుంచి గెయిన్ సెట్టింగ్ దాకా

కార్ ఆడియో గురించి వీడియోలు చాలానే ఉన్నాయి, కానీ అన్నీ డిక్కీ ఉన్న కార్లకే. మా వేంపల్లె వైపు రోడ్డు మీద ఎక్కువగా కనిపించేది పికప్‌లు. చీనీ, అరటి, టమాటా ఏదైనా మార్కెట్‌కు పోవాలంటే అవే దిక్కు. మా చిన్నాయనకు కూడా సింగిల్ క్యాబిన్ బొలెరో పికప్ ఉంది. అందులో తక్కువ ఖర్చుతో బేస్ ఎలా పెట్టానో, నేను చేసిన తప్పేంటో ఈ ఆర్టికల్‌లో స్టెప్ బై స్టెప్ చూద్దాం.

పికప్‌లో బేస్ ఎందుకు వినపడదు?

కంపెనీ స్పీకర్లు చిన్నవి కావడం ఒక కారణం. అసలు కారణం ఇంజిన్. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో క్రాంక్ ఒక చుట్టు తిరిగితే రెండుసార్లు ఫైరింగ్ జరుగుతుంది. అంటే 1,500 ఆర్‌పీఎం దగ్గర 50 హెర్ట్జ్, 2,400 దగ్గర 80 హెర్ట్జ్ మోత వస్తుంది. పాటలో డప్పు, బేస్ గిటార్ ఉండేది కూడా ఈ రేంజ్‌లోనే. బండి ఆపినప్పుడు వినపడిన బేస్, కదలగానే మాయం అయ్యేది అందుకే. సౌండ్ పెంచితే చిన్న స్పీకర్లు చిరుగుతాయి తప్ప బేస్ రాదు.

మనకు కలిసొచ్చేది కూడా ఒకటుంది. క్యాబిన్ చిన్నది, మూసి ఉంటుంది. ఇలాంటి చోట లో ఫ్రీక్వెన్సీ దానంతట అదే కొంచెం పెరుగుతుంది. కాబట్టి 12 అంగుళాల ఊఫర్ అక్కర్లేదు, 8 అంగుళాలది చాలు. వెనక తొట్టిలో మాత్రం బాక్స్ పెట్టొద్దు. దుమ్ము, వాన సంగతి అటుంచి, బేస్ అంతా గాల్లోకే పోతుంది.

ఏం కొనాలి? డబ్బా మీద వాట్స్ నమ్మొద్దు

డబ్బా మీద 2,000 వాట్స్ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అది పీక్ లెక్క. మనం చూడాల్సింది ఆర్ఎంఎస్. అది రాయకపోతే యాంప్లిఫయర్ మీదున్న ఫ్యూజ్ చూడండి. 20 ఆంప్స్ ఫ్యూజ్ ఉంటే, 20 × 13.8 వోల్ట్స్ = 276 వాట్స్. బ్యాటరీ నుంచి లోపలికి వచ్చేదే అంత. క్లాస్ డీ యాంప్లిఫయర్ అందులో సుమారు 80 శాతం బయటికి ఇస్తుంది, అంటే 220 వాట్స్. ఇంక 2,000 ఎక్కడి నుంచి వస్తాయి?

నాకు అయిన ఖర్చు ఇది:

- మోనో క్లాస్ డీ యాంప్లిఫయర్, 4 ఓమ్స్ దగ్గర 150 వాట్స్ ఆర్ఎంఎస్: రూ.3,400
- 8 అంగుళాల 4 ఓమ్స్ ఊఫర్, 150 వాట్స్ ఆర్ఎంఎస్, సీల్డ్ బాక్స్‌తో: రూ.2,900
- 8 గేజ్ రాగి వైర్, ఫ్యూజ్ హోల్డర్: రూ.1,450
- లగ్స్, రబ్బర్ గ్రామెట్, టేప్, క్లాంపులు: రూ.350

డబ్బులు మిగుల్చుకోవాలని వైర్ దగ్గర కక్కుర్తి పడొద్దు. చవక వైర్లు చాలావరకు సీసీఏ, అంటే అల్యూమినియం మీద రాగి పూత. అదే సైజు రాగి కంటే కరెంట్ తక్కువ మోస్తుంది, వేడెక్కుతుంది. చివర కొంచెం గీకి చూడండి, లోపల తెల్లగా ఉంటే వదిలేయండి.

వైరింగ్

1. మొదట బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసేయండి. ఇది మర్చిపోయి స్పానర్ బాడీకి తగిలితే నిప్పురవ్వలే.

2. బ్యాటరీ పాజిటివ్ నుంచి పవర్ వైర్ లాగండి. బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే 30 ఆంప్స్ ఫ్యూజ్ పెట్టండి. ఈ ఫ్యూజ్ యాంప్లిఫయర్‌ను కాపాడటానికి కాదు, వైర్‌ను కాపాడటానికి. మధ్యలో వైర్ ఒరుసుకుపోయి బాడీకి తగిలితే, ఫ్యూజ్ లేని బండిలో ఆ వైరే హీటర్ కాయిల్ అవుతుంది. ఫ్యూజ్‌ను మాత్రం అన్నిటికన్నా చివర బిగించండి.

3. ఇంజిన్‌కు, క్యాబిన్‌కు మధ్య ఉన్న రేకు గుండా వైర్ వచ్చేచోట గ్రామెట్ తప్పనిసరి. మన మట్టిరోడ్ల కుదుపుకు రేకు అంచు బ్లేడులా కోస్తుంది.

4. గ్రౌండ్ వైర్ అరమీటర్ లోపే ఉండాలి. పెయింట్ గీకి, మెరిసే రేకు మీద బోల్ట్‌తో బిగించండి. ఇంజిన్ రేజ్ చేసినప్పుడు స్పీకర్లలో కుయ్ మని వస్తే ముందు చూడాల్సింది ఇక్కడే.

5. కంపెనీ స్టీరియోకు ఆర్‌సీఏ సాకెట్లు లేకపోతే, స్పీకర్ వైర్ల నుంచే సిగ్నల్ తీసుకునే హై లెవెల్ ఇన్‌పుట్ ఉన్న యాంప్లిఫయర్ కొనండి. స్పీకర్ నెగటివ్‌ను మాత్రం బాడీకి కలపొద్దు, స్టీరియో కాలిపోతుంది.

6. రిమోట్ వైర్‌ను తాళం తిప్పితేనే కరెంట్ వచ్చే లైన్‌కు కలపాలి. నేను తప్పు చేసింది ఇక్కడే.

నా తప్పు ఏంటంటే

తొందరలో రిమోట్ వైర్‌ను ఎప్పుడూ కరెంట్ ఉండే లైన్‌కు కలిపేశాను. పాటలు అదిరిపోయాయి, అందరూ మెచ్చుకున్నారు. శనివారం సాయంత్రం ఆరింటికి బండి ఆపాం. మంగళవారం తెల్లవారుజామున నాలుగింటికి చీనీకాయల లోడ్‌తో అనంతపురం మార్కెట్‌కు పోవాలి. తాళం తిప్పితే టిక్ టిక్ తప్ప ఏమీ లేదు.

తర్వాత మీటర్ పెట్టి చూస్తే, పాటలు లేకపోయినా యాంప్లిఫయర్ 0.8 ఆంప్స్ లాగుతోంది. 58 గంటలు × 0.8 = 46 ఏహెచ్. మా బ్యాటరీ 65 ఏహెచ్, అదీ మూడేళ్ల పాతది. ఇంక డీజిల్ ఇంజిన్‌ను ఏం తిప్పుతుంది? పక్కింటి ట్రాక్టర్ బ్యాటరీతో స్టార్ట్ చేసి పోయేసరికి మంచి రేట్లు పలికే టైం అయిపోయింది. చిన్నాయన తిట్టలేదు. "పాటలు తర్వాత నాయనా, ముందు బండి కదలాల" అన్నాడంతే. బీటెక్ చదివి, రోజూ కోడ్ టెస్ట్ చేసే నేను తాళం తీశాక యాంప్లిఫయర్ లైట్ ఆరిందా లేదా అని చూడలేదు. మీరు చూడండి, ఐదు సెకన్ల పని.

గెయిన్ సెట్టింగ్

గెయిన్ అంటే వాల్యూమ్ కాదు. స్టీరియో సిగ్నల్‌కు, యాంప్లిఫయర్‌కు జత కుదిర్చే నాబ్. చాలామంది దాన్ని ఫుల్‌గా తిప్పి ఊఫర్ కాల్చుకుంటారు.

- బేస్ బూస్ట్ సున్నా, లో పాస్ ఫిల్టర్ 80 హెర్ట్జ్, గెయిన్ పూర్తిగా తక్కువలో పెట్టండి. స్టీరియోలో బేస్, ట్రెబుల్ కూడా సున్నాలోనే ఉండాలి.
- ఊఫర్ వైర్లు తీసేసి, యాంప్లిఫయర్ అవుట్‌పుట్‌కు మల్టీమీటర్ పెట్టండి, ఏసీ వోల్ట్స్‌లో.
- ఫోన్‌లో 50 హెర్ట్జ్ టెస్ట్ టోన్ ప్లే చేసి, స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతు పెంచండి.
- టార్గెట్ వోల్టేజ్ = వాట్స్ × ఓమ్స్‌కు వర్గమూలం. మనకు 150 × 4 = 600, వర్గమూలం 24.5 వోల్ట్స్. మీటర్ అంత చూపించేదాకా గెయిన్ తిప్పి ఆపేయండి.
- ఆపి, ఊఫర్ మళ్లీ కలపండి. డ్రైవర్ సీట్లో కూర్చుని ఫేజ్ స్విచ్ అటూ ఇటూ మార్చి, బేస్ ఎక్కువ వినిపించే వైపు ఉంచండి.

చివరిగా

కడప ఎండలకు మూసిన క్యాబిన్ పొయ్యిలా కాలుతుంది. యాంప్లిఫయర్‌ను మ్యాట్ కింద దాచకుండా, చుట్టూ గాలి ఆడేలా బిగించండి. వెనక వచ్చే బస్సు హారన్ వినపడనంత సౌండ్ వద్దు. శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం ఇళ్లున్న ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ పరిమితి ఉంది. ఊళ్లోకి రాగానే వాల్యూమ్ తగ్గించండి.

రిమోట్ వైర్ మార్చినప్పటి నుంచి మా బండి ఒక్కరోజు కూడా మొరాయించలేదు. ఇప్పుడు లోడ్‌కు పోయేముందు పాటలు పెట్టేది చిన్నాయనే!