ఆటస్థలంలో ఎవరికి చోటు?



ఈ వారం జెకర్యా గ్రంథం 8వ అధ్యాయం 4, 5 వచనాలను ఇంటిల్లిపాదీ కలిసి చదవండి. దేవుడు తిరిగి నిలబెట్టిన యెరూషలేము ఎలా ఉంటుందో ప్రవక్త అక్కడ చూపుతాడు. చేతికర్ర పట్టుకొని కూర్చున్న ముసలివారూ, ఆడుకొంటున్న బాలబాలికలూ ఒకే వీధిలో కనిపిస్తారు.

నల్లగొండ, పాలమూరు ప్రాంతాల వారికి ఈ దృశ్యం కొత్త కాదు. తల్లిదండ్రులు పనికోసం వలసపోతే పిల్లల్ని కనిపెట్టుకొని ఉండేది అవ్వా తాతలే. కనుక గుడి ఆవరణలోనో బడిలోనో ఆటస్థలం వేయాలనుకొన్నప్పుడు ఈ ఇరువురినీ కలిపి ఆలోచించాలి. పునీత జాన్ బోస్కో ట్యూరిన్ నగరంలో 1841లో మొదలుపెట్టిన యువజన సేవలో ప్రార్థనకూ చదువుకూ తోడుగా ఆటస్థలానికీ చోటిచ్చారు.

మొదటి మెట్టు: వర్గీకరణ. నోటుపుస్తకంలో ఐదు గడులు గీయండి. కబడ్డీ, ఖోఖో, చిర్రగోనె పరుగు ఆటలు. జారుడుబండ ఎక్కి దిగే ఆట. ఉయ్యాల ఊగే ఆట. పిచ్చుకగూళ్లు ఇసుక ఆట. ఓమనగుంటలు, అష్టాచెమ్మా కూర్చొని ఆడేవి. ఇప్పుడు ఒక్కొక్క గడి కింద అది ఎవరికి పనికివస్తుందో రాయండి: నాలుగేళ్ల పాపకా, పదేళ్ల పిల్లవాడికా, కాలు సరిగా లేని బిడ్డకా?

ఒక ఉదాహరణ చూద్దాం. 2022 నుంచి మన గ్రామాల్లో తెలంగాణ క్రీడా ప్రాంగణాలు ఏర్పడ్డాయి. వాలీబాల్, ఖోఖో కోర్టులు, లాంగ్ జంప్ గుంట, కసరత్తు కడ్డీలు యువకులకు ఎంతో మేలైనవి. అయితే వాటిని మన గడుల్లో వేసి చూడండి. పసిపిల్లల ఆటలకు, కూర్చొని ఆడేవాటికి కేటాయించిన గడులు దాదాపు ఖాళీగా మిగులుతాయి. ఏ గడి ఖాళీగా ఉందో ఆ ఆట ఆడే బిడ్డను మనం మరచిపోయామన్నమాట.

రెండవ మెట్టు: నమూనా. టింకర్‌క్యాడ్ అనే ఉచిత కంప్యూటర్ సాధనం కొత్తగా నేర్చుకొనే పిల్లలకు అనువైనది. ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్ చాలు. చిన్నపిల్లలైతే పెద్దవాళ్లు దగ్గరుండి ఖాతా తెరవాలి. తెర మీద కనిపించే పలక 200 మిల్లీమీటర్ల చదరం. ఒక మీటరును 10 మిల్లీమీటర్లుగా లెక్కిస్తే 20 మీటర్ల స్థలం సరిగ్గా అందులో ఇముడుతుంది. పెట్టె ఆకారాన్ని సాగదీస్తే బల్ల అవుతుంది. స్తంభాకారంలో దానికంటే సన్నని స్తంభాన్ని రంధ్రంగా పెట్టి రెండింటినీ కలిపితే, పిల్లలు దూరే సిమెంటు గొట్టం తయారవుతుంది. ఒక్కొక్క గడికి ఒక్కొక్క రంగు వేయండి.

ఇక ఉయ్యాల పెట్టి చూడండి. కడ్డీ ఎంత ఎత్తున ఉంటే దానికి రెట్టింపు దూరం ముందూ వెనకా ఖాళీగా వదలాలని భద్రతా నియమం. 2 మీటర్ల ఎత్తయితే ముందు 4, వెనక 4, మొత్తం 8 మీటర్లు. 20 మీటర్ల స్థలంలో అది చిన్న కొలత కాదు. ఆ దారిలో ఇసుకగుంట పెట్టారా? తెర మీద అయితే వేలితో జరపవచ్చు. సిమెంటు పోసిన తరువాత జరపలేము, దెబ్బ తగిలేది బిడ్డకే.

మూడవ మెట్టు: నీడ. మన ఎండల్లో రేకు జారుడుబండ మధ్యాహ్నం చర్మాన్ని కాలుస్తుంది. ఉన్న వేపచెట్టునూ కానుగచెట్టునూ ముందుగా నమూనాలో నిలబెట్టి, ఆ నీడను బట్టి మిగతావి అమర్చండి. ఆ నీడలోనే వెనక ఆనుకొనే బల్ల ఒకటి పెట్టండి. ఫ్లోరైడ్ నీళ్లవల్ల కీళ్లు బిగుసుకుపోయిన పెద్దలు మన మధ్య ఉన్నారు. నేల మీద కూర్చుంటే వారు లేవలేరు. ఆ బల్ల మీదనుంచి ఇసుకగుంట కనబడాలి.

ఈ వారం అభ్యాసం: 1. మీ విచారణ ఆవరణను అడుగులతో కాక టేపుతో కొలవండి. 2. పిల్లలనే అడిగి ఐదు గడులు నింపండి. 3. నమూనా చేసి, దాని బొమ్మను విచారణ గురువులకూ సంఘపెద్దలకూ చూపండి. పిల్లలను తన వద్దకు రానివ్వమన్న ప్రభువు గుడి ముంగిట, ఏ బిడ్డా గోడవారగా నిలబడి చూస్తూ ఉండిపోకూడదు.