తల్లికి క్యాన్సర్ వచ్చినప్పుడు సంతానం బాధ్యతలు



తల్లి ఆరోగ్యంగా ఉన్నంతకాలం ఆమె హక్కుల గురించి మాట్లాడటం సులభం. జుమా ఖుత్బాలో వింటాం, తలూపుతాం, ఇంటికి వచ్చి ఆమె వండిన అన్నమే తింటాం. ఆ హక్కుల బరువు ఎంతో తెలిసేది ఆమె మంచం పట్టినప్పుడే. క్యాన్సర్ వంటి దీర్ఘవ్యాధి వస్తే పరీక్ష ఆమె ఒక్కదానికే కాదు, ఇంటిల్లిపాదికీ మొదలవుతుంది.

నల్గొండ జిల్లా మర్రిగూడ ప్రాంతంలో రోగి సేవ కొత్త విషయం కాదు. నీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగిపోయిన బిడ్డలను ఏళ్ల తరబడి ఎత్తుకుని తిప్పిన తల్లులు అక్కడి పల్లెల్లో ఉన్నారు. స్నానం చేయించి, బట్టలు తొడిగి, నోటికి ముద్ద అందించిన ఆ తల్లులు 'ఇది నా వంతు కాదు' అనలేదు. మరి ఆ తల్లే జబ్బు పడితే వంతు ఎవరిది? ఈ పాఠంలో ఈ ప్రశ్నకు ధర్మం చూపే సమాధానం తెలుసుకుందాం.

తల్లి సేవ స్థానం

లుఖ్మాన్ సూరాలో అల్లాహ్ తల్లిదండ్రుల పట్ల సద్వర్తనను ఆదేశిస్తూ, తల్లి పడిన బాధను ప్రత్యేకంగా గుర్తుచేశాడు. ఆమె బలహీనతపై బలహీనతను భరిస్తూ బిడ్డను మోసింది. బనీ ఇస్రాయీల్ సూరాలో, వారు వృద్ధులైనప్పుడు విసుగుతో 'ఉఫ్' అని కూడా అనరాదని హెచ్చరించాడు. ఆలోచించండి! మనిషికి విసుగు ఎప్పుడు వస్తుంది? రాత్రి మూడుసార్లు లేపినప్పుడు, కష్టపడి వండింది వాంతి చేసుకున్నప్పుడు, చెప్పిందే మళ్ళీ చెప్పినప్పుడు. ఆ ఆజ్ఞ సరిగ్గా ఆ ఘడియ కోసమే ఉంది.

హిజ్రీ 2వ సంవత్సరం, అంటే క్రీ.శ. 624లో బద్ర్ యుద్ధం జరిగింది. ఆ సమయంలో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) కుమార్తె హజ్రత్ రుఖయ్యా (రజి) తీవ్రంగా జబ్బుపడి ఉన్నారు. ఆమె భర్త హజ్రత్ ఉస్మాన్ (రజి)ను యుద్ధానికి తీసుకువెళ్ళకుండా, ఆమె దగ్గర ఉండమని ప్రవక్త (స) ఆదేశించారు. బద్ర్‌లో పాల్గొన్నవారికి లభించే పుణ్యమూ, వాటా రెండూ ఆయనకు లభిస్తాయని చెప్పారు. సహీహ్ బుఖారీలో ఉన్న ఈ సంఘటన మనకు గొప్ప పాఠం. రోగి మంచం పక్కన కూర్చున్న మనిషి పనిలేక కూర్చున్నవాడు కాదు. అల్లాహ్ దగ్గర అతని లెక్క వేరు.

వైద్యం చేయించడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు

కొందరు 'తఖ్దీర్‌లో ఉన్నదే జరుగుతుంది' అంటూ ఆస్పత్రికి వెళ్ళరు. మరికొందరు తాయెత్తులతో, ఊదీలతో నెలలు గడుపుతారు. ప్రవక్త (స) వైద్యం చేయించుకోమని ఆదేశించారు. అల్లాహ్ ఏ వ్యాధినీ దాని నివారణ లేకుండా దించలేదని బోధించారు. మందు వాడటం, దుఆ చేయడం రెండూ ఆయన ఆదేశాలే. కలోంజీ, తేనె శుభప్రదమైనవే. అయితే వాటి పేరుతో వైద్యుడి మందు ఆపకూడదు. ఆకుపసర్లు, పొడులు ఏవి ఇస్తున్నా వైద్యుడికి చెప్పే ఇవ్వాలి.

ఆలస్యానికి మరో కారణం సిగ్గు. రొమ్ములో నొప్పిలేని గడ్డ, ముట్లు ఆగిన తర్వాత మళ్ళీ రక్తం కనబడటం, మూడు వారాలు దాటినా మానని నోటి పుండు. ఇలాంటివి మన తల్లులు కొంగు చాటున దాచుకుంటారు. ఫ్లోరైడ్ ప్రాంతంలో ఇంకో చిక్కు ఉంది. నడుము నొప్పి, ఎముకల నొప్పి ఏదొచ్చినా 'నీళ్ళ జబ్బే' అని వదిలేస్తారు. నొప్పికి కారణం ఏమిటో పరీక్ష చేసి వైద్యుడు చెప్పాలి, మనం ఊహించకూడదు. లేడీ డాక్టర్ దొరికితే మంచిది. దొరకకపోతే అవసరం మేరకు పురుష వైద్యుడు చూడటానికి ఫిఖ్‌హ్ పండితులు అనుమతించారు. భర్తో, కొడుకో, మరో మహ్రమో పక్కన ఉంటే చాలు. సిగ్గు ఈమాన్‌లో భాగమే, కానీ ప్రాణం పోగొట్టుకోమని అది చెప్పదు.

మర్రిగూడ నుంచి మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా హైదరాబాద్ చేరితే, రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. 1955లో స్థాపించిన ఈ ఆస్పత్రి మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద ఎం.ఎన్.జె.గా ప్రసిద్ధి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం క్యాన్సర్ చికిత్సకూ వర్తిస్తుంది. తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబర్‌లో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెంచారు. పొలం అమ్మకముందే, వడ్డీకి అప్పు తేకముందే ఈ దారి చూడాలి. తల్లి వైద్యం కోసమే అయినా వడ్డీ వడ్డీయే. ఆ అప్పు ఆమె కోలుకున్న తర్వాత కూడా ఇంటిని తినేస్తుంది.

సేవ ఎవరు చేయాలి? ఖర్చు ఎవరు పెట్టాలి?

మన ఇళ్ళలో అసలు తగువు ఇక్కడే వస్తుంది. కొడుకు డబ్బు పంపి బాధ్యత తీరిందనుకుంటాడు, పనంతా కోడలి మీద పడుతుంది. అత్తగారికి సేవ చేయడం కోడలికి ఎంతో పుణ్యకార్యం. అయితే హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం తల్లి సేవ బాధ్యత ముందుగా ఆమె కన్న సంతానానిది. కోడలు చేసేది ఉపకారం. ఉపకారం చేసేవారికి కృతజ్ఞత చెప్పాలి, ఆజ్ఞాపించకూడదు. కొడుకు తన చేత్తో తల్లికి మందు తాగించాలి, వాంతి గిన్నె ఎత్తాలి. అందులో చిన్నతనం ఏమీ లేదు. స్నానం, బట్టల మార్పిడి వంటివి కూతురో, మరో స్త్రీయో చూసుకోవాలి.

తల్లి పేదదైతే ఆమె పోషణ కలిగిన కొడుకుల మీదా, కలిగిన కూతుళ్ళ మీదా ఉంటుంది. ఇందులో జకాత్ గురించి తెలుసుకోవలసిన మస్అలా ఉంది. కొడుకు గానీ, కూతురు గానీ తన జకాత్‌ను తల్లి వైద్యానికి ఇవ్వకూడదు. ఆమె ఖర్చు వారి సొంత బాధ్యత. తల్లి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, బంధువులు, ఇరుగుపొరుగు మాత్రం ఆమె జకాత్‌కు అర్హురాలైతే ఇవ్వవచ్చు. ఆమె దగ్గర నిసాబ్‌కు సరిపడా బంగారం, వెండి, నగదు ఉన్నాయో లేదో ముందు ఒక ఆలిమ్‌ను అడగాలి. ఇంకొక మాట. ఆమె నగలు ఆమె ఆస్తి. వైద్యానికే అయినా ఆమెను అడగకుండా అమ్మడం తగదు.

కాబట్టి చికిత్స మొదలుకాకముందే అందరూ కూర్చుని మష్వరా చేయండి. ఆస్పత్రికి ఎవరు వెంట వెళతారు, రాత్రి ఎవరు దగ్గరుంటారు, కాగితాలు ఎవరి దగ్గర ఉంటాయి, డబ్బు ఎవరెంత ఇస్తారు అన్నవి తేల్చుకోండి. దూరాన ఉన్న కొడుకు డబ్బుతో పాటు ఏడాదిలో కొన్ని రోజులు తన వంతు సేవకూ రావాలి.

చికిత్స రోజుల్లో జాగ్రత్తలు

ముందుగా ఒక అపోహ తొలగాలి. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. తల్లి కంచం, గ్లాసు వేరు చేయడం, మనవలను దగ్గరికి రానివ్వకపోవడం ఆమె మనసును గాయపరిచే పాపం.

కీమో మందు ఎక్కించిన తర్వాత వారం, రెండు వారాల మధ్య రక్తంలో తెల్లకణాలు బాగా తగ్గుతాయి. అప్పుడు జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే ఇంట్లో గోలీ వేసి తెల్లారేదాకా చూడకూడదు. వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. ఇంట్లో థర్మామీటర్ తప్పనిసరి. జలుబు, దగ్గు ఉన్నవారు ఆ రోజుల్లో దూరంగా ఉండాలి. కాచి చల్లార్చిన నీరు, అప్పుడే వండిన మెత్తటి ఆహారం కొద్దికొద్దిగా ఎక్కువసార్లు ఇవ్వాలి. యవల పిండితో చేసే తల్‌బీనా అనే జావ రోగి హృదయానికి ఊరటనిస్తుందని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు. మన జొన్న గటక, రాగి జావ కూడా తేలికగా మింగుడుపడే ఆహారమే.

జనం 'కరెంటు పెట్టడం' అనే రేడియేషన్ సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు సాగుతుంది. మధ్యలో మానేస్తే చికిత్స ఫలితం దెబ్బతింటుంది. 'పెళ్ళి ఉంది, పొలం పని ఉంది' అని ఆపవద్దు.

రోగి ఆరాధనలు

జబ్బుతో ఉన్న తల్లిని బాధించే మరో విషయం, నమాజ్ సరిగ్గా చేయలేకపోతున్నానన్న దిగులు. ఆమెకు ఈ సౌకర్యాలు తెలియజేయడం కూడా సేవే.

నిలబడలేకపోతే కూర్చుని, కూర్చోలేకపోతే పడుకుని సైగతో నమాజ్ చేయాలని ప్రవక్త (స) హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు బోధించారు. సైగతో చేసేటప్పుడు రుకూ కన్నా సజ్దాకు తల కాస్త ఎక్కువ వంచాలి. నీరు తగిలితే జబ్బు పెరుగుతుందంటే తయమ్ముమ్ చేయాలి. కట్టు ఉన్నచోట తడిచేత్తో తుడిస్తే చాలు. మూత్రపు గొట్టం ఉండి వుజూ నిలవని రోగి ప్రతి నమాజ్ వేళకు ఒకసారి వుజూ చేసుకుంటే సరిపోతుంది. ఆస్పత్రి వరుసలో ఉన్న రోజు జుహ్ర్‌ను దాని చివరి సమయంలో, అస్ర్‌ను దాని మొదటి సమయంలో చేసుకుంటే రెండూ వరుసగా నెరవేరుతాయి.

రమజాన్‌లో చికిత్స నడుస్తుంటే ఉపవాసం మానుకునే అనుమతిని బఖరా సూరాలో అల్లాహ్ ఇచ్చాడు. కోలుకునే ఆశ ఉన్నవారు తర్వాత ఖజా పాటించాలి. ఆశ లేనివారు ఒక్కో ఉపవాసానికి ఒక పేదవానికి రెండు పూటల భోజనమో, ఫిత్రా అంత సొమ్మో ఫిద్‌యాగా ఇవ్వాలి. ఫిద్‌యా ఇచ్చాక అల్లాహ్ దయవల్ల బలం వస్తే ఖజా మళ్ళీ తప్పనిసరి అవుతుంది. ఇచ్చినది సదఖాగా మిగులుతుంది. అల్లాహ్ ఇచ్చిన సౌకర్యాన్ని వదిలి ప్రాణం మీదకు తెచ్చుకోవడం భక్తి అనిపించుకోదు.

ఆమె మనసు

జబ్బు పేరు తల్లికి చెప్పకుండా కొడుకులు దాచిపెడతారు. ఉద్దేశం మంచిదే. కానీ ఆమె శరీరం ఆమెది. ఆమె తీర్చవలసిన అప్పులు, చేయవలసిన వసియ్యత్, అడగవలసిన క్షమాపణలు ఉండవచ్చు. అబద్ధం చెప్పకుండా, ఆమె అడిగినంత మేరకు, మెల్లగా, ఆశతో చెప్పడమే సరైన పద్ధతి.

జుట్టు రాలినప్పుడు ఆమె అద్దం చూడటానికి భయపడుతుంది. మనుషుల వెంట్రుకలతో చేసిన విగ్గు ధర్మసమ్మతం కాదు. మెత్తటి నూలు రుమాలు చాలు. చికిత్స ముగిశాక చాలామందికి జుట్టు మళ్ళీ వస్తుందని ధైర్యం చెప్పండి. పరామర్శకు వచ్చేవారికి ఒక మనవి. ఫలానా ఆమెకు ఇదే వచ్చి పోయిందని చెప్పడానికి రావద్దు. ప్రవక్త (స) రోగిని చూడబోయినప్పుడు ఫర్వాలేదని, ఇది పాపాలను కడిగివేస్తుందని ఊరట పలికేవారు. కాసేపు కూర్చుని, దుఆ చేసి, సేవ చేసేవారికి ఒక పూట అన్నం అందించి వెళ్ళండి.

ఇంటికి వచ్చిన తర్వాత

చికిత్స ముగిసింది కదా అని మరునాడే ఆమెను పొయ్యి దగ్గరికి, బావి దగ్గరికి పంపకండి. నీరసం నెలల తరబడి ఉంటుంది. రొమ్ము ఆపరేషన్ అయితే ఆ వైపు చెయ్యి వాచే అవకాశం ఉంది. బరువులు ఎత్తించవద్దు, నేర్పిన వ్యాయామం చేయించండి. కొన్ని రకాల క్యాన్సర్‌లకు ఐదేళ్ళు లేదా అంతకు మించి మాత్రలు వాడాలి. 'బాగానే ఉన్నాను' అని ఆమె అన్నా పరీక్షల తేదీ తప్పించవద్దు. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు ప్రయాణం ఉచితం. తల్లీకూతుళ్ళు వెళ్ళిరావడానికి ఆ ఖర్చు కూడా లేదు.

ఒక్కోసారి ఎంత చేసినా జబ్బు నయం కాదు. అప్పుడు కూడా సేవ ఆగదు. నొప్పి తగ్గించే వైద్యం ఉంది. ఎం.ఎన్.జె.లో దానికి ప్రత్యేక విభాగమే ఉంది. నొప్పి భరిస్తేనే సబ్ర్ అనుకోవద్దు. నొప్పి తగ్గితే ఆమె నోట జిక్ర్ పలుకుతుంది, బిడ్డలతో నాలుగు మాటలు మాట్లాడుతుంది. ఫలితం అల్లాహ్ చేతిలో ఉంది, సేవ మన చేతిలో ఉంది. రేపు మనల్ని అడిగేది మన చేతిలో ఉన్నదాని గురించే.

ఇంట్లో అందరూ కూర్చుని చర్చించండి

1. మన ఇంట్లో పెద్దామె దాచుకున్న బాధ ఏదైనా ఉందా? ఆమెను ఎవరు అడగాలి?
2. ఆమె సేవలో కొడుకులు, కూతుళ్ళు స్వయంగా చేసే పని ఏమిటి?
3. మన వీధిలో ఏ ఇంట్లో రోగి ఉన్నారు? ఈ వారం వారికి మనం ఏం చేయగలం?

ఓ అల్లాహ్! జబ్బుతో ఉన్న మా తల్లులందరికీ సంపూర్ణ ఆరోగ్యం ప్రసాదించు. వారి సేవలో అలసిన చేతులకు బలాన్ని, మా నాలుకలకు మృదుత్వాన్ని ఇవ్వు. మమ్మల్ని పెంచి వెళ్ళిపోయిన తల్లులను కరుణించు. ఆమీన్.