నికెల్ కలిసిన ఇనుము నేర్పిన పాఠాలు

ముప్పై ఏళ్లకు పైగా హైదరాబాద్ వర్క్‌షాపుల్లో పనిచేశాను. నా చేతుల్లో ఎక్కువగా నలిగినవి ఇనుము-నికెల్ మిశ్రలోహాలే. మా ఊళ్లోనే కంచన్‌బాగ్‌లో ఉన్న ప్రభుత్వ సంస్థ మిధాని కూడా ఈ జాతి లోహాలు తయారుచేస్తుంది. కొత్తగా పనిలోకి వస్తున్న పిల్లల కోసం నేను నేర్చుకున్న నాలుగు ముక్కలు రాస్తున్నాను.

1. కొలిచేముందు ఎండ సంగతి చూసుకో.

మీటరు పొడవు ఉక్కు కడ్డీ ఒక్క డిగ్రీ వేడికి సుమారు 12 మైక్రాన్లు సాగుతుంది. ఏసీ గదిలో 20 డిగ్రీల దగ్గర కొలిచి, 40 డిగ్రీల షెడ్డులో బిగిస్తే దాదాపు పావు మిల్లీమీటరు తేడా వచ్చేస్తుంది. ఇన్వార్ అనే ఇనుము-నికెల్ మిశ్రలోహం సాగేది అందులో పదో వంతే. ఇనుములో 36 శాతం నికెల్ ఉంటే ఈ గుణం వస్తుందని 1896లో కనిపెట్టింది షార్ల్ గియోమ్. పారిస్ దగ్గర సెవ్ర్‌లో ఉన్న అంతర్జాతీయ తూనికలు-కొలతల కార్యాలయంలో ఆయన ఉద్యోగం. 1920లో నోబెల్ వచ్చింది. సర్వేవాళ్లు అతి కచ్చితమైన కొలతలకు వాడే లెవలింగ్ స్టాఫ్‌లో పట్టీ ఇదే. సహజ వాయువును మైనస్ 163 డిగ్రీల దగ్గర ద్రవంగా మోసుకెళ్లే కొన్ని ఓడల ట్యాంకులకు లోపల పరిచేదీ 0.7 మిల్లీమీటర్ల ఇన్వార్ రేకే. మామూలు ఉక్కు రేకైతే ఆ చలికి ముడుచుకుని అతుకుల దగ్గర చిరుగుతుంది.

2. ఇన్వార్ నిలకడకు హద్దుంది.

అది సాగకపోవడానికి కారణం అయస్కాంతత్వం. వేడికి పరమాణువులు దూరం జరగాలని చూస్తాయి. అదే వేడికి లోపలి అయస్కాంత అమరిక సడలి లోహాన్ని కుదిస్తుంది. రెండూ ఒకదాన్నొకటి దాదాపు రద్దు చేసుకుంటాయి. సుమారు 230 డిగ్రీలకు ఆ అమరిక పూర్తిగా పోతుంది. అక్కడి నుంచి ఇన్వార్ కూడా మామూలు లోహంలాగే సాగుతుంది. అందుకే డ్రాయింగులో లోహం పేరు చూడగానే ఆగిపోకు, అది ఎంత వేడిలో పనిచేస్తుందో అడుగు.

3. గాజుతో వియ్యమందాలంటే ఇద్దరి నడకా ఒకటి కావాలి.

కోవార్‌లో 29 శాతం నికెల్, 17 శాతం కోబాల్ట్, మిగతాది ఇనుము. బోరోసిలికేట్ గాజు ఎంత సాగుతుందో ఇదీ దాదాపు అంతే సాగుతుంది కాబట్టి చల్లారేటప్పుడు అతుకు పగలదు. గాజు అంటుకునేది మాత్రం కోవార్ మీది సన్నని ఆక్సైడ్ పొరకే. పొర మందమైతే పెచ్చులూడి లీకవుతుంది. శుభ్రం చేసిన ముక్కను ఒట్టి చేత్తో పట్టుకోకు, చేతి జిడ్డు అంటుతుంది.

4. మ్యూ-మెటల్‌ను పసిపిల్లలా ఎత్తుకో.

దీనిలో నికెల్ ముప్పాతిక భాగానికి పైనే. ఇది అయస్కాంత క్షేత్రాన్ని ఆపదు. వాన నీటికి ఇంటి చుట్టూ కాలువ తీసినట్టు, తన ఒంట్లోంచి పక్కకు నడిపిస్తుంది. వంచడం, వెల్డింగ్ అన్నీ అయ్యాక హైడ్రోజన్ ఫర్నేసులో 1100 డిగ్రీలకు పైన కాల్చి, మెల్లగా చల్లారిస్తేనే ఆ గుణం వస్తుంది.

నాకు పాతికేళ్లప్పుడు, మసక వెలుగును కూడా పట్టే ఫోటోమల్టిప్లయర్ ట్యూబుకు తొడిగే మ్యూ-మెటల్ గొట్టం నా చేతిలోంచి సిమెంటు నేల మీద పడింది. చిన్న సొట్ట. లోపల చెక్క దిమ్మ పెట్టి, కొయ్య సుత్తితో తట్టి నున్నగా చేశాను. చూపుకు కొత్తదానిలా ఉంది. ట్యూబుకు తొడిగి టేబుల్ మీద తిప్పితే, దిక్కు మారినప్పుడల్లా సిగ్నల్ మారింది. భూమి అయస్కాంతమే లోపలికి చొరబడుతోంది. పడ్డ దెబ్బ కొంత చెడగొడితే, నా సుత్తి మిగతాది చెడగొట్టింది. నిజం చెప్పాను. మా ఫోర్‌మన్ కోప్పడలేదు. "కంటితో చూసి బాగుందనకు, తిప్పి చూడు" అన్నారు. గొట్టాన్ని మళ్లీ ఫర్నేసుకు పంపాం. రెండు రోజులకు తిరిగొచ్చింది. తొడిగి నాలుగు దిక్కులకూ తిప్పాం, సిగ్నల్ చూపే మీటరు ముల్లు కదల్లేదు. దాన్ని చెక్కపెట్టెలో స్పాంజి మధ్య పెట్టి, మూత మీద ఎర్ర పెయింటుతో "రెండు చేతులతో" అని నేనే రాశాను.