అదత్తాదానము - చట్టమందలి దాని పేర్లు

అచౌర్యాణువ్రతమును స్వీకరించిన గృహస్థుడు తాను దొంగతనమునకు దూరముగా నున్నాననియే తలచును. ఇనుపపెట్టె పగులగొట్టుట, పరుల సంచి కాజేయుట అతని కలలోనైనను రావు. కాని వర్తకుని గడప త్రొక్కు నేరము గోడకు కన్నము వేసికొని రాదు. పగటివేళ, ముందు వాకిటనే, తక్కువ ధర రూపమున వచ్చును. అది ఎప్పుడు నేరమగునో గుర్తించుటకు చట్టమందలి కొన్ని పదముల అర్థములు తెలిసియుండవలెను.

సిరొంచా తాలూకాయందలి అంకిస వంటి గ్రామమున వ్యాపారము చేయువారికి ఇది మరింత అవసరము. గోదావరి కావల తెలంగాణము, ఇంద్రావతి కావల ఛత్తీస్‌గఢ్. కచేరి భాష మరాఠీ, అంగడి భాష తెలుగు. 1860లో నిజాము ప్రభుత్వము ఈ తాలూకాను ఆంగ్ల ప్రభుత్వమున కప్పగించెను. ఆ సంవత్సరముననే రచింపబడిన భారత శిక్షాస్మృతి 1862 జనవరి 1 నుండి అమలునకు వచ్చెను. ఆవలి గట్టున నిజాము రాజ్యమునకు వేరు శాసనము లుండెడివి. 1951లో గాని భారత శిక్షాస్మృతి హైదరాబాదు రాష్ట్రమునకు వర్తింపలేదు. 2024 జూలై 1 నుండి ఆ స్మృతి స్థానమున భారతీయ న్యాయ సంహిత దేశమంతట నడచుచున్నది. సెక్షను అంకెలు మారినవి గాని మూలపదముల అర్థములు చాలవరకు మారలేదు.

దొంగతనము

సంహిత 303వ సెక్షను ప్రకారము దొంగతనమునకు ఐదంగములు కావలెను: వస్తువు చరాస్తి కావలెను; అది ఇతరుని స్వాధీనమున నుండవలెను; అతని సమ్మతి లేకుండవలెను; తీసికొనువానికి దురుద్దేశ ముండవలెను; తీసికొనుటకై వస్తువును కదలింపవలెను. వీనిలో ఏది లోపించినను అది దొంగతనము కాదు. మరియొక నేరము కావచ్చును.

చరాస్తి యనగా భూమియు, భూమికి అంటియున్నవియు గాక తక్కిన ఆస్తి. అడవిలో నిలిచియున్న టేకుచెట్టు చరాస్తి కాదు. గొడ్డలితో నేలనుండి వేరుచేయబడిన క్షణమున చరాస్తి యగును. కాజేయు తలంపుతో నరికినవాడు దుంగను ఇల్లు చేర్చనక్కరలేదు. నరకుటతోనే నేరము పూర్తియగును.

స్వాధీనము వేరు, హక్కు వేరు. చట్టము ఇచ్చట కాపాడునది స్వాధీనమును. తన నగను కుదువబెట్టినవాడు అప్పు తీర్చకయే షాహుకారు పెట్టెనుండి దానిని దురుద్దేశముతో తీసికొనిపోయినచో, నగ తనదే అయినను దొంగతనమే యగును. గుమాస్తా యజమాని తరఫున ఉంచుకొన్న సరకు యజమాని స్వాధీనమున నున్నట్లే లెక్క.

సమ్మతి మాటతో ఈయవచ్చును, వాడుకవలన ఊహింపనువచ్చును. బేరమునకు వచ్చినవాడు చిన్న బెల్లపుముక్క రుచి చూచుట వర్తకుని మౌనసమ్మతితో జరుగును. ఆ సమ్మతి బెల్లపుదిమ్మకు వర్తింపదు.

దురుద్దేశ మనగా ఒకరికి అక్రమ లాభమో, ఒకరికి అక్రమ నష్టమో కలిగించు తలంపు. తనదేయని నిజముగా నమ్మి పొరపాటున తీసికొన్నవానికి ఈ తలంపు లేదు. అయితే, "మరల ఇచ్చివేసితిని గదా" యనుట సమాధానము కాదు. అల్వారులో ఒక ప్రభుత్వ కచేరి దస్త్రమును బయటకు తెచ్చి, అందలి కాగితము మార్పించి, మరునాడు తిరిగి చేర్చిన ఉద్యోగి చేసినది దొంగతనమేయని సుప్రీంకోర్టు 1962లో నిర్ణయించెను. నష్టము శాశ్వతము కానక్కరలేదు.

ఈ నేరమునకు మూడేండ్లవరకు ఖైదు, లేక జరిమానా, లేక రెండును విధింపవచ్చును. సొత్తు విలువ 5,000 రూపాయలకు లోబడి, నేరము మొదటిసారియై, సొత్తునుగాని దాని విలువనుగాని తిరిగి యిచ్చినచో సమాజసేవ శిక్షగా నుండును. ఇది కొత్త సంహిత తెచ్చిన మార్పు.

గల్లాపెట్టెచుట్టు మూడు పదములు

గల్లాలోని సొమ్మును గుమాస్తా కాజేసినచో అది సేవకుడు చేసిన దొంగతనము. బాకీలు వసూలు చేయుటకు నమ్మి పంపగా, వసూలైన సొమ్మును తన ఖర్చులకు వాడుకొన్నచో అది నమ్మకద్రోహ నేరము. రెండింటికిని ఏడేండ్లవరకు ఖైదు కలదు. త్రోవలో దొరికిన సంచిని ఎత్తుకొనుట నేరము కాదు. దాని యజమాని యెవరో తెలిసియు, లేక తెలిసికొను మార్గముండియు తనదిగా చేసికొనుట దుర్వినియోగ నేరము.

నమ్మకద్రోహము యజమానికిని వర్తించును. రైతు తన మిరప బస్తాలను ధర వచ్చువరకు గిడ్డంగిలో భద్రపరచుమని అప్పగింపగా, అతనికి చెప్పకుండ అమ్మి ఆ సొమ్మును దురుద్దేశముతో తన వ్యాపారమున పెట్టిన వర్తకుడు ఈ సెక్షను క్రిందికే వచ్చును. ఇక మాయమాటలతో మోసగించి సరకు రాబట్టుట వంచన. బలప్రయోగముతోగాని, తక్షణ హాని భయముతోగాని సాగిన దొంగతనము దోపిడి. ఐదుగురో అంతకు మించినవారో కూడి చేసిన దోపిడి బందిపోటు.

దొంగసొత్తు

వర్తకునికి మిక్కిలి దగ్గరగా నుండు పద మిదియే. దొంగతనము, బలవంతపు వసూలు, దోపిడి, వంచన, దుర్వినియోగము, నమ్మకద్రోహము - వీనిలో దేనిచేతనైనను చేతులు మారిన సొత్తు దొంగసొత్తు. తెలిసి దానిని దురుద్దేశముతో తీసికొన్నవానికి 317వ సెక్షను క్రింద మూడేండ్లవరకు ఖైదు కలదు; అదే అలవాటుగా చేయువానికి యావజ్జీవశిక్షయు పడవచ్చును. అసలు నేరము ఏ రాష్ట్రమున జరిగినను, దేశము వెలుపల జరిగినను భేదము లేదు. హక్కుదారు చేతికి తిరిగి చేరిననాడే ఆ మచ్చ పోవును. గోదావరి దాటినంతమాత్రమున పోదు.

"నాకు తెలియదు" అనుటయు చాలదు. దొంగసొత్తని నమ్ముటకు తగిన కారణ ముండుటయు తెలిసియుండుటతో సమానము. ఒకనాటి రాత్రి అంకిస వర్తకుని ఇంటికి బండిమీద టేకుపలకలు వచ్చినవనుకొనుడు. ధర బజారులో సగము. బిల్లు లేదు, రవాణా పర్మిటు లేదు, అటవీశాఖ ముద్ర లేదు. తెచ్చినవాడు తెల్లవారకముందే సొమ్ము కావలెననును. వీనిలో ఒక్కటి కేవలము అనుమానము కావచ్చును. అన్నియు కలిసిన పిమ్మట అది నమ్ముటకు తగిన కారణమే. పైగా 1927 నాటి భారత అటవీచట్టము, అటవీ ఉత్పత్తి ఎవరిదను ప్రశ్న వచ్చినపుడు, అన్యథా రుజువగువరకు ప్రభుత్వముదేయని భావింపుమనును. దొంగతనము జరిగిన కొలది కాలమునకే ఆ సొత్తు ఎవనియొద్ద దొరకునో అతడు లెక్క చెప్పలేకున్నచో, అతడు దొంగయో, తెలిసి కొన్నవాడో యని కోర్టు ఊహింపవచ్చును. అప్పుడు వర్తకునికి అండగా నిలుచునది అతని పద్దుపుస్తకమే. నిజముగా తెలియక కొన్నవానికి శిక్ష లేదు గాని, సరకు సాధారణముగా హక్కుదారునికే పోవును. పెట్టిన సొమ్మును అమ్మినవానివద్ద వెదకికొనవలెను.

హక్కుదారు ప్రభుత్వమే యనుటయు అన్నిచోట్ల నిజము కాదు. 2006 నాటి అటవీహక్కుల చట్టము వెదురు, తునికాకు వంటి చిన్నతరహా ఉత్పత్తులపై అడవివాసులకు యాజమాన్యపు హక్కు గుర్తించెను. గడ్చిరోలి జిల్లాలోని మెండా-లేఖా గ్రామము 2009లో సామూహిక అటవీహక్కు పత్రమును పొందెను. అట్టిచోట గ్రామసభ నడుగక మధ్యవానివద్ద కొనుట యనగా పేదవాని సొత్తును అతనికి తెలియకుండ కొనుటయే.

వ్రతమును చట్టమును

ఉమాస్వాతి తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయమున అచౌర్యవ్రతమునకు ఐదతిచారములు చెప్పబడినవి. దొంగను ప్రోత్సహించుట స్తేనప్రయోగము. చట్టమున అది నేరమునకు ప్రేరేపణ. దొంగ తెచ్చినది కొనుట తదాహృతాదానము. అదియే 317వ సెక్షను. రాజశాసనమును మీరి సరకు నడపుట విరుద్ధరాజ్యాతిక్రమము. పర్మిటు లేని రవాణా అట్టిది. తూనికకొలతలలో హెచ్చుతగ్గులకు 2009 నాటి తూనికలు కొలతల చట్టము కలదు. మంచి సరకులో నాసిరకము కలిపి అమ్ముట ప్రతిరూపకవ్యవహారము, అది వంచన.

ఈ ఐదింటిలో ఒక్కటియు కన్నము వేయువానికి చెప్పినది కాదు. ఐదును అంగడిలో కూర్చున్నవానికి చెప్పినవే. ఎవరు తెచ్చిరి, ఎచ్చటిది, ఈ ధర ఎందుకు - ఈ మూడు ప్రశ్నలు అడిగి, వచ్చిన జవాబును పద్దులో వ్రాసికొను వర్తకునికి చట్టమువలన భయము లేదు, వ్రతమునకు భంగము లేదు. అడుగుటకు సంకోచము కలిగిన బేరమును విడుచుటయే మేలు.