మన రక్తముతో మనకే చికిత్స

ఇటీవల పట్టణములలోని ప్రకటనలలో "పీ.ఆర్.పీ." అను చికిత్స పేరు తరచుగా కనబడుచున్నది. మోకాళ్ల నొప్పులకును, జుట్టు రాలుటకును, ముఖకాంతికిని ఇదియే తగిన చికిత్సయని కొందరు చెప్పుచున్నారు. అట్టి మాటలు నమ్మి అప్పుచేసియైనను పట్టణమునకు పోవు గ్రామస్థులుందురు. కావున దీని గుణదోషములను పంచాయతీ సభ్యులు తెలిసికొనియుండుట అవసరము.

రక్తములోని ప్లేట్‌లెట్లు

రక్తములో ఎఱ్ఱకణములు, తెల్లకణములతోపాటు ప్లేట్‌లెట్లు అను మిక్కిలి చిన్న కణములు కలవు. ఆరోగ్యవంతుని రక్తములో మైక్రోలీటరునకు ఇవి 1,50,000 మొదలు 4,50,000 వరకు నుండును. ఎముకల మూలుగలో పుట్టి, 8 మొదలు 10 దినములు జీవించును. గాయమైనచోట రక్తమును గడ్డకట్టించుట వీని మొదటి పని. గాయము మానుటకు తోడ్పడు పదార్థములను విడుదల చేయుట రెండవ పని. ఈ రెండవ గుణమే చికిత్సకు ఆధారము.

తయారుచేయు విధము

రోగి చేతినుండి కొంచెము రక్తము తీసి, గడ్డకట్టకుండ మందు కలిపి, అతివేగముగా తిరుగు యంత్రములో నుంతురు. పాలకేంద్రములోని యంత్రము పాలనుండి మీగడను వేరుచేయునట్లే, ఇది ఎఱ్ఱకణములను వేరుచేయును. మిగిలిన పసుపువన్నె ద్రవములో ప్లేట్‌లెట్లు అధికముగా నుండు భాగమును తీసి, అవసరమైనచోట సూదితో ఎక్కింతురు. డెంగ్యూ జ్వరములో అవసరమైనప్పుడు ఎక్కించు ప్లేట్‌లెట్లు ఇవి కావు. అవి దాతల రక్తమునుండి లభించునవి.

ఫలితములు

దవడ ఎముకను అతుకుటలో దీని ఉపయోగమును 1998లో అమెరికా వైద్యుడు రాబర్ట్ మార్క్స్, ఆయన సహచరులు ప్రకటించిరి. మధుమేహరోగుల పాదములపై మానని పుండ్లకును, మోచేతి నొప్పికిని నేడు దీనిని వాడుచున్నారు. జుట్టు పలుచబడుచున్న కొందరికి మేలు కలుగును. కాని కుదుళ్లు నశించినచోట జుట్టు మొలిపింపజాలదు. ముఖచర్మమునకు కలుగు ఫలితము అందఱకు నొకేరీతిగా నుండదు.

మోకాళ్ల అరుగుదలపై ఆస్ట్రేలియాలో 288 మందితో జరిగిన పరిశోధన 2021లో వెలువడెను. ఒక సంవత్సరము పిదప చూడగా, ఈ సూది వేసికొన్నవారికిని, వట్టి ఉప్పునీటి సూది వేసికొన్నవారికిని నొప్పిలో చెప్పదగిన భేదము కనబడలేదు. మేలు కనబడినదను పరిశోధనలును కలవు. కావున తప్పక నయమగునను వాగ్దానమును నమ్మరాదు.

ప్రమాదము

రక్తము స్వంతమే యైనను, సూదులు శుభ్రముగా లేనిచో ఇతరుల వ్యాధి సోకును. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రమున, అనుమతి లేని ఒక సౌందర్యశాలలో 2018లో ఇట్టి ముఖచికిత్స పొందిన కొందరు స్త్రీలకు హెచ్.ఐ.వి. సోకినట్లు ఆ దేశపు ఆరోగ్యాధికారులు 2024లో ప్రకటించిరి.

సభ్యులు చెప్పదగిన సలహా

చికిత్సకు పోవువారు ఈ నాలుగు విషయములు ముందుగా విచారింపవలెను:

1. చికిత్స చేయువారు అర్హతగల వైద్యులేనా? ఆసుపత్రి నమోదైనదేనా?
2. సూదులు, గొట్టములు తమ యెదుటనే క్రొత్తవి విప్పుదురా?
3. ఎన్ని పర్యాయములు చేయవలెను? మొత్తము ఖర్చెంత?
4. ఇంతకన్న తక్కువ ఖర్చుతో వేఱొక చికిత్స కలదా?

రక్తము పలుచబడుటకు మందులు వాడువారును, క్యాన్సరు, రక్తదోషములు గలవారును ఆ సంగతి వైద్యునకు ముందే తెలుపవలెను. సందేహమున్నచో ప్రాథమిక ఆరోగ్యకేంద్ర వైద్యుని అడుగవలెను. ఈ నాలుగు ప్రశ్నలను గ్రామసభలో ఒకసారి చదివి వినిపించినచో, ఏదో యొక కుటుంబము అప్పునుండియు, వ్యాధినుండియు తప్పించుకొనగలదు.