తళుకంతా సానలోనే ఉంది చెల్లీ!

పెళ్లిళ్ల సీజన్ వస్తోందంటే చాలు, "అక్కా, రవ్వల దుద్దులు కొందామనుకుంటున్నా, ఎన్ని క్యారెట్లు తీసుకోమంటారు?" అని మొదలుపెడతారు మీరు. బరువు సంగతి తర్వాత. ఆ మెరుపు ఎక్కడిదో ముందు చెప్తా, వినండి.

వజ్రానికి సొంత వెలుగంటూ లేదు తల్లీ. చీకటి గదిలో అదీ గులకరాయే. దాని ఘనతల్లా తనలోకి వచ్చిన కాంతిని బాగా నెమ్మదింపజేయడం. గాలిలోకంటే కాంతి నీళ్లలో 1.33 రెట్లు, గాజులో సుమారు 1.5 రెట్లు నెమ్మదిస్తే, వజ్రంలో ఏకంగా 2.42 రెట్లు నెమ్మదిస్తుంది. పదో తరగతిలో బట్టీపట్టిన వక్రీభవన గుణకం ఇదే! అది ఎంత ఎక్కువైతే, ఏటవాలుగా పడిన కాంతి అంతగా వంగుతుంది.

లోపలికి వెళ్లినంత సులువు కాదు, బయటపడటం. కాంతి లోపలి నుంచి ఏ ముఖానికి తగిలినా, ఆ ముఖానికి నిట్టనిలువుగా ఉండే గీత నుంచి 24 డిగ్రీలు దాటి పక్కకు వాలి తగిలిందా, మళ్లీ లోపలికే! గాజుకు ఆ హద్దు 42 డిగ్రీలు. అందుకే గాజు రాయి అడుగు నుంచి వెలుగు ఇట్టే జారిపోతుంది. అడుగు ముఖాలను సరైన వాలుతో సానపడితే కాంతి అటూ ఇటూ తగిలి పైనుంచే బయటికొస్తుంది. ఆ వాలు 40.75 డిగ్రీలుండాలని 1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ అనే ఆయన లెక్క తేల్చాడు.

మన కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే కోహినూరు సంగతే చూడండి. 1851లో లండన్ ప్రదర్శనకు వచ్చిన జనం, ఇంతేనా మెరుపు అని పెదవి విరిచారు. మరుసటి ఏడాది మళ్లీ సానపట్టించారు. 186 క్యారెట్ల పైచిలుకు రాయి 105.6 క్యారెట్లకు దిగింది. తళుకు కోసం అంత బరువు వదులుకున్నారన్నమాట!

అందుకే షాపులో క్యారెట్లతోపాటు 'కట్', అంటే సాన, ఎలా ఉందో అడగండి, సర్టిఫికెట్‌లో చూడండి. మెరుపు చూసి మాత్రం అసలుదని నమ్మేయకండి. వజ్రంలాగే కనిపించే మోయిసనైట్ అనే రాయి వక్రీభవన గుణకం 2.65, రంగులు చిమ్మడంలో వజ్రాన్నే మించుతుంది.

ఇంట్లో ఉన్న దుద్దులు మసకబారాయా? వజ్రానికి జిడ్డంటే మహా ఇష్టం. తలనూనె, క్రీములు రాయి వెనక పేరుకుంటే ఆ 24 డిగ్రీల హద్దు 37 దాకా పెరిగి, కాంతి అడుగు నుంచి కారిపోతుంది. గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, మెత్తటి బ్రష్‌తో రుద్దండి. పైన కాదమ్మా, వెనక వైపు!